నాన్నగారి పుస్తకాల గురించి

బ్రాడీపేట, గుంటూరు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం నిన్న అందింది. నాన్నగారి పుస్తకాలన్నీ నాగార్జున విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇచ్చి, ఆయన పేరిట ఐదు లక్షలు కూడా జమ చేయాలనుకుంటున్నావని చదివి చాలా సంతోషించాను. పుస్తకం కొనుక్కునే స్తోమత లేక ఆ బల్లల దగ్గరే కూర్చుని నోట్సు రాసుకున్నవాళ్లం మనం. ఆ రుణం తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు తోచడం లేదు.

అయితే పుస్తకాలను మాత్రం చెప్పాపెట్టకుండా పంపవద్దు. ఆరేళ్ల కిందట నేను ఒక కళాశాలకు నాలుగు గోతాల పుస్తకాలు పంపి, రెండేళ్ల తర్వాత వెళ్లి చూస్తే అవి మెట్ల కింద కట్టు విప్పకుండానే ఉన్నాయి. అడుగు గోతానికి చెదలు పట్టింది. ఆ బాధ నాకింకా పోలేదు. ఉచితంగా వచ్చిన పుస్తకానికైనా ఖర్చుంటుందని అప్పుడు తెలిసింది: దాన్ని యాక్సెషన్ రిజిస్టరులో, అంటే వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుస సంఖ్యతో నమోదు చేసే పుస్తకంలో ఎక్కించాలి, వర్గీకరణ సంఖ్య వేయాలి, కేటలాగులో చేర్చాలి, బీరువాలో చోటు చూడాలి. అందుకని ముందు రచయిత, పేరు, ప్రచురణ సంవత్సరం రాసి జాబితా పంపి, కావలసినవి లైబ్రేరియన్‌గారినే ఎంచుకోమను. పాత పాఠ్యపుస్తకాలు వద్దంటే నొచ్చుకోకు. నాన్నగారు అంచుల్లో గమనికలు రాసుకున్న ప్రతులు, పత్రికల పాత సంపుటాలు, మన జిల్లా ప్రెస్సుల్లో అచ్చయిన చిన్న పుస్తకాలు మాత్రం తప్పకుండా చూపించు; పరిశోధన చేసే పిల్లలకు అలాంటివి బజారులో దొరకవు. ఆయన పేరుతో వేరే బీరువా కూడా అడగవద్దని నా మనవి. తెలుగు సాహిత్యం, చరిత్ర, వ్యవసాయం కలిసిన ఆ సేకరణ ఒకేచోట ఉంటే దారినపోయేవారు చూసి నమస్కరిస్తారు. ఏ విషయం పుస్తకాల మధ్య ఆ విషయం పుస్తకం ఉంటే అవసరమైనవాడు తీసి చదువుకుంటాడు. లోపలి అట్టమీద చిన్న చీటీ చాలు.

ఇక డబ్బు. ఒకేసారి కొనుగోళ్లకు ఇస్తే ఏడాదిలో అయిపోతుంది. అసలు సొమ్ము కదపకుండా వడ్డీ మాత్రమే వాడుకునే శాశ్వత నిధిగా ఇస్తే, ఏడు శాతం చొప్పున ఏటా ముప్ఫై ఐదు వేలు వస్తాయి. అందులో కొంత బైండింగుకూ కేటాయించమని ఒప్పందంలో రాయించు. కొత్త పుస్తకాలకు ఇచ్చేవారు దొరుకుతారు గానీ, చిరిగిన వాటికి అట్టలు కట్టించేవారు అరుదు. సొమ్ము చెక్కు ద్వారానే ఇవ్వు. రెండు వేలు దాటిన నగదుకూ, వస్తురూపంలో ఇచ్చిన పుస్తకాలకూ విరాళాల మీద ఇచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే లేదు.

బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం వెలిసిందన్నా, 1914లో గ్రంథాలయోద్యమ నాయకుడు అయ్యంకి వెంకటరమణయ్యగారు గ్రంథాలయాలవారినందరినీ అక్కడికి పిలిచి సభ జరిపారన్నా, 1935లో పెదవడ్లపూడి నుంచి కాలువ మీద పడవలో పుస్తకాలు ఊరూరికీ వెళ్లాయన్నా, వెనుక ఉన్నది సామాన్యుల చందాలూ శ్రమానే. మనమూ ఈ ప్రాంతంలో పుట్టినవాళ్లమే; నీ పూనిక నాకు అందుకే ఇంత ఆత్మీయంగా తోచింది.

వచ్చే ఆదివారం నేను విజయవాడ వస్తాను. ఈలోగా అటక మీది పెట్టెలు దింపి, పుస్తకాలను ఎండ నేరుగా తగలని చోట గాలికి ఆరబెట్టి ఉంచు. జాబితా రాయడానికి పొడుగు నోటుపుస్తకం నేనే తెస్తాను.

నీ
చిరకాల మిత్రుడు