మూడు వారాలుగా జవాబు రాని ప్రశ్న: ఒక పుస్తకాల కంపెనీకి ఫిర్యాదు

రామమూర్తినగర్, బెంగళూరు
జులై 2

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: కొత్త పాఠకుల కోసమని మీరు అమ్మిన సూపర్‌హీరో కామిక్స్ పెట్టె, ఆ తర్వాత మీ సిబ్బంది చూపిన నిర్లక్ష్యం.

అయ్యా,

ఫిర్యాదులు ఏ భాషలోనైనా రాయవచ్చని మీ రసీదు వెనుక అచ్చు వేశారు. ఇంగ్లీషులో, హిందీలో, వచ్చీరాని కన్నడంలో మీ వాళ్లకు చెప్పి చెప్పి అలసిపోయాను. ఇక నా భాషలోనే రాస్తున్నాను. దీన్ని చదివించుకునే బాధ్యత మీది.

నేను 2012 నుంచి మా అపార్ట్‌మెంట్ క్లబ్బు గదిలో పిల్లల గ్రంథాలయం నడుపుతున్నాను. ఏటా జూన్‌లో బడులు తెరిచే వేళకు కొత్త పుస్తకాలు కొంటాను. అవన్నీ మీ దగ్గరే కొన్నాను. 2020లో దుకాణాలు మూతబడినప్పుడు, పుస్తకాలు ఎప్పుడు చేతికి వస్తాయో తెలియకపోయినా మీకు ముందే డబ్బు కట్టాను. వేరేచోట చవగ్గా దొరుకుతాయని మా వాళ్లు చెప్పినా వినలేదు. ఈ మాట ఇంతకు ముందెప్పుడూ మీతో అనలేదు. ఇప్పుడు అనవలసి వచ్చింది.

ఈసారి పిల్లలు సూపర్‌హీరో కామిక్స్ అడిగారు. సినిమాలు అందరూ చూశారు, పుస్తకాలు ఎవరూ చదవలేదు. "మొదట ఏది చదవాలి అత్తా?" అని అడిగితే నాకు తెలియలేదు. నేను చందమామ చదివి పెరిగినదాన్ని. అందుకే ఆర్డరు పెట్టకముందే మీకు ఫోను చేశాను. "ముందు కథ ఏమీ తెలియని పదేళ్ల పిల్లలకు ఈ పెట్టె అర్థమవుతుందా?" అని ఒక్కటే అడిగాను. "తప్పకుండా మేడమ్, కొత్తవారి కోసమే తయారుచేశాం" అన్నారు. 14 కుటుంబాల నుంచి తలా 260 రూపాయలు వసూలు చేసి 3,640 రూపాయలు కట్టాను. జూన్ 9న అయిదు పుస్తకాలు వచ్చాయి. ఏ ఒక్కటీ మొదలు కాదు.

తప్పులు ఎవరికైనా జరుగుతాయి. ఈ లేఖ అందుకు కాదు.

జూన్ 10న ఫోను చేశాను. ఒకటి నొక్కు, నాలుగు నొక్కు అంటూ యంత్రం 18 నిమిషాలు తిప్పింది. చివరికి పలికిన అబ్బాయి ఆర్డరు నంబరు మూడుసార్లు అడిగాడు. పేజీలు చిరిగాయా, అచ్చు చెరిగిందా, పుస్తకం తడిసిందా అన్నాడు. లేదు, కథ మధ్యలో నుంచి మొదలవుతోంది అన్నాను. "అది మా జాబితాలో లేదు మేడమ్" అని పెట్టేశాడు. సాయంత్రానికి సందేశం వచ్చింది: మీ సమస్య పరిష్కారమైంది. ఎవరు పరిష్కరించారు?

రెండోసారి ఒక అమ్మాయి మాట్లాడింది. మర్యాదగానే మాట్లాడింది. ఈ పుస్తకాలు తిరిగి తీసుకోలేమని, పది శాతం తగ్గింపుతో "సూపర్‌హీరో కథల్లో అన్నిటికన్నా గొప్పది" పంపగలనని చెప్పింది. ఆ పుస్తకం పేరు అడిగితే "వాచ్‌మెన్" అంది. తర్వాత విచారించాను. 1986-87లో 12 సంచికలుగా వచ్చిన గొప్ప పుస్తకమే, కాదనను. కానీ అది పెద్దవాళ్ల కోసం రాసింది. అంతవరకు సూపర్‌హీరో కథలు నడిచిన తీరునే అది ప్రశ్నిస్తుంది. అసలు కథలే తెలియని పిల్లలకు ఆ ప్రశ్న ఏం అర్థమవుతుంది? పదేళ్ల పిల్లలని నేను రెండుసార్లు చెప్పిన తర్వాత ఆమె ఇచ్చిన సలహా ఇది.

మూడోసారి అయిదు పుస్తకాలూ సంచిలో వేసుకుని, రెండు బస్సులు మారి జయనగర్‌లోని మీ దుకాణానికి వెళ్లాను. కౌంటరు దగ్గరి వ్యక్తి సంచి విప్పనివ్వలేదు. ఆన్‌లైన్ వాళ్లు వేరు, దుకాణం వాళ్లు వేరు అన్నాడు. రసీదు మీద ఇద్దరిదీ ఒకే పేరు కదా అని చూపించాను. అతను నా వెనుక ఉన్న మనిషిని రమ్మని పిలిచాడు. పన్నెండేళ్లకు పైగా మీ దగ్గర కొన్న మనిషిని పక్కకు జరగమని కూడా అనలేదు. ఆ క్షణం నుంచి నేనక్కడ లేనట్టే.

అన్నిటికన్నా బాధ పెట్టింది నాలుగో సంభాషణ. ఆ అబ్బాయి నా మాట తీరు పట్టి తెలుగులోకి మారాడు. "మీరు తెలుగువారా? అయితే దిగులుపడకండి అమ్మా, నేను దగ్గరుండి చూసుకుంటాను. 24 గంటల్లో ఫోను చేస్తాను" అన్నాడు. నమ్మాను. వంటింట్లోకి వెళ్లినా ఫోను చేత్తో పట్టుకునే తిరిగాను. 11 రోజులు గడిచాయి. మళ్లీ నేనే చేస్తే, ఆ పేరుగల వ్యక్తి ఇక్కడ లేడన్నారు. పరిష్కారమైందన్న సందేశం మాత్రం మరో రెండుసార్లు వచ్చింది.

చివరికి సూపర్‌వైజరు లైనులోకి వచ్చి అన్న మాట ఇది: "సూపర్‌హీరో కామిక్స్ ఎక్కడి నుంచైనా చదవవచ్చు మేడమ్. ఒకటో నంబరు ఉన్నదే పంపాం కదా." ఆ మాట అని, నా జవాబు వినకుండానే ఫోను పెట్టేశారు. ఆ జవాబు ఇప్పుడు వినండి.

ఎక్కడి నుంచైనా చదవగలిగిన కథలు నాకు తెలుసు. చందమామలో బేతాళ కథ ఏ నెలది తెరిచినా పట్టువదలని విక్రమార్కుడు, చెట్టు, శవం, భుజం మీది బరువు మొదటి నాలుగు వాక్యాల్లో వచ్చేసేవి. ఆ నెలే చదవడం మొదలుపెట్టిన పిల్లవాడికీ లోటు ఉండేది కాదు. మీ పెట్టెలోని పుస్తకాలు అలాంటివి కావు. హైదరాబాదులో ఉన్న మా చెల్లెలి కొడుకు ఇవి చదువుతాడు. రెండు రాత్రులు వాడు ఫోనులో చెబుతుంటే పక్కన పుస్తకాలు పెట్టుకుని తెలుసుకున్నాను. మీ సిబ్బంది చేయవలసిన పని అది.

సూపర్‌మ్యాన్ 1938లో పుట్టాడు. స్పైడర్‌మ్యాన్ 1962లో. అప్పటి నుంచి కథలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. కొత్తవారిని రప్పించడానికి ప్రచురణకర్తలు మధ్యమధ్య నంబర్లు మళ్లీ ఒకటి నుంచి వేస్తారు. సూపర్‌మ్యాన్ కథలు వచ్చే యాక్షన్ కామిక్స్ పత్రిక 904వ నంబరు దాకా వచ్చాక 2011లో మళ్లీ ఒకటి వేశారు, 2016లో తిరిగి 957 వేశారు. ఒకటో నంబరు చూసి మొదలని నమ్మితే మోసపోతామని పుస్తకాలు అమ్మేవాళ్లకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మీరు పంపిన స్పైడర్‌మ్యాన్ ఒకటో నంబరు 2014 నాటిది. స్పైడర్‌మ్యాన్ అసలు పేరు పీటర్ పార్కర్. అంతకు ముందు ఏడాదికి పైగా పీటర్ శరీరంలో అతని శత్రువు డాక్టర్ ఆక్టోపస్ మనసు ఉంది. పీటర్ అప్పుడే తిరిగి వచ్చాడు, అతని పేరుతో శత్రువు పెట్టిన కంపెనీ సంగతి అతనికే కొత్త. అయిదో తరగతి పిల్లకు ఎలా తెలుస్తుంది?

రెండోది ఇంకా ఘోరం. 1985-86లో 12 సంచికలుగా వచ్చిన క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్. అప్పటికి యాభై ఏళ్లుగా పెరిగిన ఎన్నో లోకాలను కలిపి ఒకటి చేయడానికి రాసిన కథ అది. అందులో సూపర్‌గర్ల్ చనిపోతుంది, సూపర్‌మ్యాన్ ఆమెను చేతుల్లో ఎత్తుకుని ఏడుస్తాడు. "ఈ అమ్మాయి ఎవరు అత్తా? ఆయన ఎందుకంత ఏడుస్తున్నాడు?" అని మా పిల్ల అడిగింది. ఆమెను ఏళ్ల తరబడి ఎరిగినవాళ్లకే తగిలే దుఃఖం అది. మా పిల్లలకు ఆ ఏడుపు బొమ్మగానే మిగిలింది. పుస్తకం మూసి వెళ్లి క్యారమ్స్ ఆడుకున్నారు. చదవడానికి వచ్చిన పిల్లలు లేచి వెళ్లిపోతుంటే చూడడం నాకు చిన్న విషయం కాదు.

కొత్తవారికి తగిన పుస్తకాలు లేవా అంటే, ఉన్నాయి. 2000లో మొదలైన అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ సాలీడు కుట్టక ముందు నుంచి కథ మళ్లీ చెబుతుంది. ఆల్‌స్టార్ సూపర్‌మ్యాన్ 12 సంచికలతో పూర్తవుతుంది, అతని పుట్టుకంతా మొదటి పేజీలో నాలుగు బొమ్మల్లో చెప్పేస్తుంది. 2014 నాటి మిస్ మార్వెల్‌లో కథానాయిక కమలా ఖాన్ పదహారేళ్ల పిల్ల, ఆమె ఇంట్లో అమ్మానాన్నల ఆంక్షలు మా అపార్ట్‌మెంట్ ఆడపిల్లలకు ఒక్కముక్క వివరించనక్కరలేదు. కాలేజీ పిల్లలకైతే 1987 నాటి బ్యాట్‌మ్యాన్ ఇయర్ వన్, నాలుగు సంచికలే. వీటిలో ఒక్క పేరైనా మీ అయిదుగురిలో ఎవరి నోటా రాలేదు.

ఆ అయిదు పుస్తకాలూ ఇప్పటికీ సంచిలోనే ఉన్నాయి. వాటిని తీసుకుని పైన చెప్పిన మొదటి మూడింటి తొలి సంపుటాలు పంపుతారో, 3,640 రూపాయలు తిరిగి ఇస్తారో మీ ఇష్టం. నాకు డబ్బుకన్నా ముఖ్యం, బాధ్యతగల ఒక మనిషి నాకు ఫోను చేసి, చివరిదాకా వినడం. ఆ పెట్టె మీద "మొదటిసారి చదివేవారికి" అన్న మాటను కూడా తీసేయండి. ఇంకో ఇంట్లో ఇంకో పిల్ల పుస్తకం మూసేయకూడదు.

జులై 15 దాకా చూస్తాను. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోను చేస్తాను. అక్కడా తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే చోటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు, వేస్తాను. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో గ్రంథాలయాలు నడిపేవాళ్లు నన్ను అడిగే పుస్తకాలు కొంటారు. మీ దగ్గర కొనమని ఇన్నేళ్లూ చెప్పిన నోటితోనే వద్దని చెబుతాను.

రసీదు నకలు, నేను ఫోను చేసిన తేదీలు, మీరు పంపిన మూడు సందేశాలు జతచేశాను. ఈసారి ఫోను చేసేవారు నా ఆర్డరు నంబరు అడగకుండా మాట మొదలుపెట్టాలి. అది రసీదు మీద మొదటి వరుసలోనే ఉంది.

ఇట్లు,
పిల్లల గ్రంథాలయం నిర్వాహకురాలు