రివర్స్‌లో నిలపడం నేర్పించాలి

సంపాదకుడు గారికి,

పార్కింగ్ సమస్య చర్చకు వచ్చినప్పుడల్లా స్థలం చాలడం లేదన్న మాటే వినిపిస్తుంది గానీ, ఉన్న స్థలంలో కారును ఏ దిక్కుగా నిలుపుతున్నామన్నది ఎవరూ పట్టించుకోరు. గీతల మధ్యకు రివర్స్‌లో వచ్చి నిలిపే డ్రైవరును చూసి పనితనం ప్రదర్శిస్తున్నాడనో, వెనకవాళ్ల సమయం తింటున్నాడనో విసుక్కునేవారే ఎక్కువ. నిజానికి ఇది ఆ దారిలో నడిచేవారి ప్రాణాలకు సంబంధించిన విషయం.

ముందుకు దూర్చి నిలిపిన కారును ఎప్పుడో ఒకప్పుడు వెనక్కి తీయక తప్పదు. ఇరుపక్కలా ఎత్తైన వాహనాలు నిలిచి ఉంటే, కారు సగం దారిలోకి వచ్చేదాకా అటూ ఇటూ వచ్చేవారెవరూ డ్రైవరు కంటపడరు. చిన్నపిల్లలైతే వెనకద్దం అంచుకన్నా దిగువనే ఉండిపోతారు. అదే రివర్స్‌లో నిలిపిన కారు బయటికి వచ్చేటప్పుడు డ్రైవరు దారికి ఎదురుగా కూర్చుని ఉంటాడు. ఎలా నిలిపినా ఒకసారి వెనక్కి నడపాల్సిందే కాబట్టి, ఆ నడిపేదేదో మనుషులు తిరిగే దారిలోకి కాకుండా ఖాళీ గడిలోకి నడపడం మేలు కదా.

ఇది కష్టమన్న భయం చాలామందిలో ఉంది. ఇరుకు చోట మాత్రం ఇదే సులువు. ముందుకు మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు, లోపలివైపుకు జరుగుతాయి. అందుకే ముందు భాగం గడిలోకి చేరినా పక్క కారును వెనక తలుపు రాసుకుంటుంది. రివర్స్‌లో వెనక చక్రాలు ముందే గడిలోకి చేరతాయి, మిగతా బండిని ముందు చక్రాలు తిప్పుకొస్తాయి. గోదాముల్లో ఇరుకు సందుల్లో తిరిగే ఫోర్క్‌లిఫ్టులకు స్టీరింగ్ వెనక చక్రాలకు ఉండేది కూడా ఈ కారణంగానే.

గడిని కాస్త దాటి ఆగి, నేలమీది గీత, వెనక చక్రం రెండూ కనబడేలా పక్క అద్దాన్ని కిందికి వంచుకుని, మనిషి నడకకన్నా నెమ్మదిగా కదులుతూ స్టీరింగ్ తిప్పాలి. రెండు అద్దాల్లోనూ గీతకూ బండికీ నడుమ ఎడం సమానంగా కనబడినప్పుడు చక్రాలను తిన్నగా చేసుకోవాలి. చాలామంది మరిచిపోయేది ముందు మూలను: వెనక భాగం ఒకవైపు తిరుగుతుంటే ముందు భాగం రెండోవైపుకు వెడల్పుగా జరుగుతుంది, స్తంభానికి తగిలేది అదే. సాయం చేస్తున్నామనుకుని కారుకు సరిగ్గా వెనక నిలబడి ‘రా, ఇంకా రా’ అనేవారు ఉన్నారు చూశారూ, వారు ముందు డ్రైవరుకు అద్దంలో కనబడే చోటికి జరగాలి.

కెమెరాలు వచ్చాక ఇదంతా ఎందుకని అడగవచ్చు. అమెరికాలో 2018 మే నుంచి కొత్త కార్లన్నింటికీ వెనక కెమెరా తప్పనిసరి చేశారు, మంచిదే. అయితే అది ముఖ్యంగా బంపరు వెనకనున్న నేలను చూపడానికి పెట్టినది. పక్క వాహనం చాటు నుంచి వేగంగా వచ్చే సైకిలును ప్రతి కెమెరా ముందుగా పట్టుకోలేదు, కటకం మీద బురద పడితే ఆ కాస్త చూపూ ఉండదు.

ముందుకు నిలపడానికే ఏటవాలుగా గీసిన గడుల్లోనూ, పొగ గొట్టం ఎవరి కిటికీకో ఎదురుపడే చోటా ఈ పద్ధతి పనికిరాదు. డిక్కీలో బరువైన సామాను ఎక్కించుకోవాల్సిన వారికీ ఇబ్బందే.

బ్రిటన్ డ్రైవింగ్ పరీక్షలో గడిలోకి రివర్స్‌లో నిలపమని అడిగే అవకాశం ఉంది. ప్రతిచోటా లైసెన్సు ఇచ్చేవారు ఇరుపక్కలా వాహనాలు ఉంచి మరీ దీన్ని పరీక్షించాలి, శిక్షకులు దీనికి ప్రత్యేకంగా సమయం కేటాయించాలి. పార్కింగ్ నిర్వాహకులు నేలమీది గీతలను వెనక గోడ మీదికి కూడా పొడిగించి, చక్రం ఆగేందుకు దిమ్మెలు వేస్తే కొత్తవారికి ఎంతో తేలికవుతుంది. అన్నిటికన్నా ముందు, తెల్లని రివర్స్ లైటు వెలిగిన కారుకు ఒక కారు పొడవు ఎడం విడిచి ఆగాలని, హారన్ కొట్టవద్దని ప్రవేశ ద్వారం దగ్గర బోర్డు పెట్టాలి. ఆ హారన్‌కు బెదిరే చాలామంది కారును ముందుకు దూర్చేసి దిగిపోతున్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు