మహా జింబాబ్వేను ఎవరు కట్టారో తేలి వందేళ్లు దాటింది

సంపాదకులకు,

మొన్నటి ఆదివారం అనుబంధంలో జింబాబ్వే చరిత్ర మీద వ్యాసం వేశారు, సంతోషం. కానీ అక్కడి మహా జింబాబ్వే అనే పాత రాజధాని శిథిలాల ఫొటో కింద ‘ఎవరు కట్టారో నేటికీ అంతుచిక్కని రాతి కోట’ అని రాశారు. ఆ చిక్కు 1905లోనే వీడింది. వీడాక కూడా అది చిక్కుగానే ఉండాలని పట్టుబట్టినవారికి అక్కడి భూమితో పని ఉంది.

కట్టింది నేటికీ ఆ దేశంలో ఎక్కువమందిగా ఉన్న షోనాల పూర్వీకులు, 11 నుంచి 15వ శతాబ్దం దాకా. మన కాకతీయులు ఓరుగల్లులో రాతికోట కట్టిన కాలం కూడా ఆ మధ్యలోదే. అక్కడి గ్రానైట్ కొండలు పగటి ఎండకు, రాత్రి చలికి పైపొర పలకలుగా ఊడిపోతాయి. చాలకపోతే మంటబెట్టి నీళ్లు పోసి పగలగొట్టేవారు. పలకల్ని ఇటుకలంత ముక్కలు చేసి, సున్నం లేకుండా, ఒక్కో వరుసా కాస్త లోపలికి జరుపుతూ పేర్చారు. అందుకే గోడ అడుగున మందం, పైన సన్నం. పెద్ద ఆవరణ బయటి గోడ చుట్టుకొలత 250 మీటర్లు, ఎత్తు కొన్నిచోట్ల 11 మీటర్లు. దాని మీద కప్పేమీ నిలబడలేదు. జనం ఉన్నది లోపలి మట్టి ఇళ్లలో.

1871లో కార్ల్ మౌఖ్ అనే జర్మన్ అక్కడికి వెళ్లి, ఒక ద్వారం పైదూలం నుంచి పేడు తీసి చూస్తే తన పెన్సిల్ కర్రలాగే ఉందట. ఇంకేం, అది లెబనాన్ దేవదారు అన్నాడు, కట్టడం బైబిల్లోని షీబా రాణి ఖాతాలో వేశాడు!

ఆ ప్రాంతాన్ని ఆక్రమించాలని చూస్తున్న బ్రిటిష్ గనుల వ్యాపారి సెసిల్ రోడ్స్‌కు ఈ కథ అచ్చంగా సరిపోయింది. 1888లో అతని మనుషులు అక్కడి మరో తెగ ఎన్‌దెబెలెల రాజు లోబెంగులాతో రడ్ ఒప్పందం రాయించుకున్నారు. వెయ్యి తుపాకులు, లక్ష తూటాలు, నెలకు 100 పౌండ్లు ఇస్తామన్నారు. రాసిచ్చింది ఖనిజాల హక్కే, భూమి కాదు. అయినా 1890లో తెల్లవారి దండును తలా 3,000 ఎకరాలు ఇస్తామని మాటిచ్చి తీసుకొచ్చారు. 1896–97లో షోనాలు, ఎన్‌దెబెలెలు తిరగబడ్డారు. తిరుగుబాటులో ముందున్న షోనా పూనకపు స్త్రీ నేహాందాను 1898లో ఉరితీశారు. 1930 చట్టంతో దేశంలో సగం భూమి పిడికెడు తెల్లవారి పాలైంది. ఇక్కడ ఒకప్పుడు రాజ్యం కట్టినవారి మనవళ్లు ఈ షోనాలేనని ఒప్పుకుంటే ఇదంతా చెప్పుకోవడం కష్టం కదా.

శిథిలాలకు జరిగిన నష్టమూ తక్కువ కాదు. రిచర్డ్ హాల్ 1902 నుంచి రెండేళ్లపాటు ‘తర్వాత వచ్చిన ఆఫ్రికన్ల చెత్త’ తీసేస్తున్నానంటూ అసలు సాక్ష్యమున్న మట్టి పొరల్నే తవ్వి పారబోయించాడు. మిగిలినచోట పురావస్తు పరిశోధకులు రాండల్ మెకైవర్ 1905లో, గెర్ట్రూడ్ కేటన్ థాంప్సన్ 1929లో తవ్వారు. చెక్కుచెదరని నేలల కింద స్థానిక కుండ పెంకులతోపాటు దిగుమతి గాజుపూసలు, చైనా పింగాణీ కలిసి దొరికాయి. పింగాణీ ఏ కాలందో తెలుసు కాబట్టి గోడల కాలమూ తేలింది. అయినా 1965లో ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఇయాన్ స్మిత్ తెల్లవారి ప్రభుత్వం అధికారిక పుస్తకాల్లో ఈ మాట రాయనివ్వలేదు. పురావస్తు శాఖలో ఉన్న పీటర్ గార్లేక్ 1970లో దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది.

1980 ఏప్రిల్ 18న స్వాతంత్ర్యం వచ్చినప్పుడు రోడ్స్ పేరు మీదున్న ‘రొడీషియా’ తీసేసి, ‘రాతి ఇళ్లు’ అనే అర్థమున్న ‘జింబాబ్వే’ పేరు ఎందుకు పెట్టుకున్నారో, అక్కడ దొరికిన బలపపు రాతి పక్షి జెండా మీదకు ఎందుకు ఎక్కిందో ఇక వేరే చెప్పక్కర్లేదు. భూమి మాత్రం అప్పటికీ తెల్లవారి చేతిలోనే ఉండిపోయింది. స్వాతంత్ర్యానికి ముందు లండన్‌లో కుదిరిన లాంకాస్టర్ హౌస్ ఒప్పందం ప్రకారం పదేళ్లపాటు కొత్త ప్రభుత్వం, అమ్మడానికి ఇష్టపడినవారి దగ్గరే దాన్ని కొనాల్సి వచ్చింది. 2000 తర్వాతి భూ ఆక్రమణల గురించి మీ వ్యాసం ఒక పేజీ రాసింది, ఈ షరతు ఊసే లేదు. మాటోబో కొండల్లో వేటతో బతికిన సాన్ ప్రజల వేల ఏళ్లనాటి బొమ్మలు, 1690లలో పోర్చుగీసువారిని తరిమికొట్టిన షోనా రాజ్యం రోజ్వీలు కూడా అందులో కనబడలేదు, చరిత్ర 1890లోనే మొదలైనట్టు.

మొత్తం వ్యాసం మళ్లీ రాయమనడం లేదు. ఫొటో కింది వాక్యానికైనా సవరణ వేయండి: ‘షోనాల పూర్వీకులు 11–15 శతాబ్దాల్లో కట్టిన రాజధాని’. ఒక్క వరుసలో పడుతుంది.

– ఒక పాఠకుడు, హనుమకొండ