అన్నం పెట్టే చోట కెమెరా వద్దు
చెన్నైలోని ప్రభుత్వ ఆసుపత్రుల బయట అన్నం పొట్లాలు పంచేవారు, వాటిని అందుకొనేవారి ముఖాలను ఫొటోలు తీసి ప్రచారానికి వాడుకోవడం ఇకనైనా ఆగాలి. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి రోగుల వెంట వచ్చి, వరండాల్లోనూ చెట్ల కిందా రోజులు వెళ్లదీసే తెలుగువారు ఆ వరుసల్లో ఎందరో ఉంటారు. సొంత ఊళ్లో ఎన్నడూ ఎవరి ముందూ చేయి చాచి ఎరుగని ఒక పెద్దావిడ, ఫోన్లు తమవైపు తిరగగానే కొంగుతో ముఖం కప్పుకొని, పొట్లం తీసుకోకుండానే వెనుదిరగడం నేను చూశాను. గోదావరి లంకల్లో వేళ కాని వేళ వచ్చిన బాటసారికి సైతం అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారు (1841–1909) తన ఫొటో తీయించుకోవడానికే ఇష్టపడలేదని నేటికీ చెప్పుకుంటారు. నిజానికి రోగుల వెంట వచ్చిన ఈ తెలుగువారికి అన్నం కంటే ఎక్కువగా కావలసింది, తమిళంలో రాసిన చీటీ చదివిపెట్టి, స్కానింగ్ గది దాకా తోడు వచ్చే మనిషి. కాబట్టి ఆసుపత్రుల ఆవరణల్లోనూ, గేట్ల వద్దా సాయం అందుకొనేవారిని ఫొటో తీయకూడదని తమిళ, తెలుగు భాషల్లో బోర్డులు పెట్టాలి. నగరంలోని తెలుగు సంఘాలు బ్యానర్లు పక్కన పెట్టి, రెండు భాషలూ వచ్చిన యువతీయువకులను ఉదయం ఓపీ వేళల్లో అక్కడికి పంపాలి.
— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై