నాస్ పెట్టెతో పాటు ఒక కాగితం కూడా ఇవ్వాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

మన ఉత్తరాంధ్రలో చిన్న కార్యాలయాలు, కళాశాలలు, రోగనిర్ధారణ కేంద్రాలు, పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలు కొన్నేళ్లుగా నెట్‌వర్క్‌కు తగిలించే స్టోరేజి పెట్టెలను, అంటే నాస్‌లను, కొంటున్నాయి. ఇది మంచిదే. అయితే ఆ పెట్టెలోని డిస్కు స్థలాన్ని ఏ రూపంలో కేటాయించారో కొన్నవారికి చెప్పకుండానే అమ్మకందారులు బిగించి వెళ్లిపోతున్నారు. విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లో ఇటువంటి పెట్టెల నిర్వహణ చూసేవాడిగా ఈ సంగతిని మీ పాఠకుల దృష్టికి తెస్తున్నాను.

నాస్ తన స్థలాన్ని రెండు విధాలుగా ఇవ్వగలదు. అందరికీ తెలిసినది షేర్డ్ ఫోల్డర్. అందులో ఫైళ్ల లెక్క పెట్టె దగ్గరే ఉంటుంది; ఒకే ఫైలును ఇద్దరు తెరిచినప్పుడు ఎవరిని ఆపాలో అదే చూసుకుంటుంది. రెండవది బ్లాక్ వాల్యూమ్, పని చేసేవాళ్ల మాటలో లన్. 2004లో ప్రామాణికంగా వెలువడిన ఐస్కజీ పద్ధతిలో ఇది మామూలు నెట్‌వర్క్ కేబుల్ మీదుగానే వచ్చి, కంప్యూటరుకు తన సొంత హార్డ్‌డిస్కులాగే కనిపిస్తుంది. ఇక్కడ పెట్టె ఇచ్చేవి వరుస అంకెలున్న ఖాళీ గడులు మాత్రమే. వాటిపై ఫైల్ సిస్టమ్ వేసుకునేదీ, ఏ గడిలో ఏ ఫైలు ఉందో గుర్తుంచుకునేదీ కంప్యూటరే. డేటాబేస్ నడిపే సర్వర్‌కు, వర్చువల్ మెషీన్లకు (ఒకే యంత్రంలో నడిచే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లకు) ఈ పద్ధతి బాగా నప్పుతుంది. నలుగురు కూర్చుని ఫొటోలో, స్కాన్ చేసిన కాగితాలో పంచుకునే గదికి దీని అవసరం దాదాపు ఉండదు. సొంత డిస్కులా కనిపిస్తుంది కదా అని కొనేవారు ముచ్చటపడటం, అడిగారు కదా అని అమ్మేవారు పెట్టేయడం జరుగుతోంది.

మా ఊరి స్టూడియో ఒకదానిలో ఒకే లన్‌ను రెండు ఎడిటింగ్ కంప్యూటర్లకు తగిలించారు. మామూలుగా పెట్టె ఇందుకు ఒప్పుకోదు. ఒకటికి మించిన కనెక్షన్లను అనుమతించే చోట టిక్కు పెడితేనే ఒప్పుకుంటుంది. ఆ సదుపాయం ఒకదానితో ఒకటి సమన్వయం చేసుకుంటూ పనిచేసే క్లస్టర్ సర్వర్ల కోసం, లేదా ఒకే సర్వర్ రెండు దారుల్లో పెట్టెను చేరడం కోసం ఉంది. మామూలు విండోస్ కంప్యూటర్లు వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌కు తన డిస్కుపై మరో యంత్రం కూడా రాస్తోందన్న ఊహే ఉండదు. ఒక ఊరి అడంగల్‌ను ఇద్దరు కరణాలు ఒకరికి తెలియకుండా ఒకరు దిద్దినట్లు, ఏ గడులు ఖాళీగా ఉన్నాయన్న లెక్కను రెండు కంప్యూటర్లూ ఎవరి జ్ఞాపకంలో అవి పెట్టుకుని రాస్తూ పోయాయి. సిరిమానోత్సవం వీడియోలున్న ఫోల్డర్లు మొదట ఒక కంప్యూటర్లో కనిపించి రెండవదానిలో కనిపించలేదు, తరువాత రెండింటిలోనూ తెరుచుకోలేదు. డిస్కు ఒక్కటీ చెడలేదు. పెట్టె మీద పచ్చ లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. రైడ్, అంటే ఒక డిస్కు చెడినా డేటా పోకుండా పలు డిస్కులను కలిపి వాడే పద్ధతి, ఉంది కాబట్టి భయం లేదని చెప్పి అమ్మారట. రైడ్ కాపాడేది డిస్కు చెడినప్పుడు మాత్రమే; తప్పుగా రాసినదాన్ని కూడా అది అంతే శ్రద్ధగా దాచిపెడుతుంది.

రెండవ చిక్కు థిన్ వాల్యూమ్‌లతో వస్తోంది. 4 టెరాబైట్ల డిస్కులు నాలుగింటిని రైడ్ 5లో పెడితే, ఒక డిస్కంత స్థలం రక్షణకు పోగా చేతికి వచ్చేది 12 టెరాబైట్లు. విండోస్ లెక్కలో అది 10.9గా కనిపిస్తుంది. థిన్ పద్ధతిలో ఇదే స్థలం మీద 8 టెరాబైట్ల వాల్యూమ్‌లు రెండు సృష్టించినా పెట్టె అడ్డుచెప్పదు, ఎందుకంటే రాసినప్పుడే స్థలం ఖర్చవుతుంది. రెండూ నిండుతూ పోయి అసలు స్థలం అయిపోయిన రోజున, కంప్యూటర్ తెరపై ఇంకా బోలెడంత ఖాళీ కనిపిస్తుండగానే రాత ఆగిపోతుంది. పైగా కంప్యూటర్లో ఫైళ్లు చెరిపినంత మాత్రాన పెట్టెలో స్థలం తిరిగి రాదు. ఫలానా గడులు ఇక అక్కర్లేదన్న కబురు కంప్యూటర్ నుంచి పెట్టెకు అందాలి, అందినా పాత స్నాప్‌షాట్లు, అంటే ఫలానా సమయానికి డేటా ఎలా ఉందో పెట్టె దాచిన రూపాలు, పట్టి ఉంచిన గడులు విడుదల కావు. కనుక పూల్, అంటే డిస్కులన్నిటి ఉమ్మడి స్థలం, 80 శాతం నిండగానే హెచ్చరిక మెయిల్ వచ్చేలా అమర్చడం, ఆ మెయిల్ అమ్మకందారుకు కాక కార్యాలయంలో రోజూ చూసే మనిషికి వెళ్లేలా చూడటం అవసరం.

స్నాప్‌షాట్‌ను బ్యాకప్‌గా లెక్కించడం కూడా పొరపాటే, అసలు డేటా, దాని స్నాప్‌షాట్ రెండూ ఉండేది అవే డిస్కుల మీద. లన్ లోపలి ఫైళ్ల పేర్లు సాధారణంగా పెట్టెకు తెలియవు కాబట్టి, పోయిన ఒక్క ఫైలు కోసం కూడా స్నాప్‌షాట్ నకలును వేరే వాల్యూమ్‌గా తగిలించి వెతుక్కోవలసి వస్తుంది.

కరెంటు సంగతి మన జిల్లాలవారికి వేరే చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. యూపీఎస్ పెట్టామని నిశ్చింతగా ఉన్నవారు అది దేనికి కలిపి ఉందో చూసుకోవాలి. పెట్టె, నెట్‌వర్క్ స్విచ్, లన్ వాడే సర్వర్ మూడూ దాని మీదే ఉండాలి. ఆపేటప్పుడు ముందు సర్వర్, తరువాత పెట్టె. వెలిగించేటప్పుడు ముందు పెట్టె. యూపీఎస్ సందేశం పెట్టెకొక్కదానికే అందితే అది బుద్ధిగా ఆగిపోతుంది, సర్వర్‌కు మాత్రం రాస్తూ ఉండగా డిస్కు ఊడిపోయినట్లవుతుంది.

కాగితాన్ని కాపాడటంలో మన ప్రాంతానికి మంచి పేరే ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథల గ్రంథాలయం కథానిలయం అందుకు సాక్ష్యం. స్కాన్ చేసిన పుట నిలవాలంటే ఆ శ్రద్ధతో పాటు మరికొంత సమాచారం కూడా కావాలి, ఆ సమాచారం ప్రస్తుతం బిగించి వెళ్లిన కుర్రవాడి జ్ఞాపకంలో తప్ప ఎక్కడా ఉండటం లేదు. అతను ఉద్యోగం మారితే అంతే సంగతులు.

అందుచేత కొనుగోలు కమిటీలకు, వ్యాపారులకు నా విన్నపం ఇది. బిల్లుతో పాటు తెలుగులో ఒక పుట రాసివ్వాలి. ఏ వాల్యూమ్ ఎంత, అది థిన్నా కాదా, ఏ కంప్యూటరుకు మాత్రమే అనుమతి ఉంది, పాస్‌వర్డ్ సీలు వేసిన కవరులో ఎవరి దగ్గర ఉంది, వేరే చోట ఉంచిన బ్యాకప్ నుంచి ఒక ఫైలునైనా వెనక్కి తెచ్చి చూపించారా అన్నవి అందులో ఉండాలి. ఐస్కజీ వాడే 3260 పోర్టును ఇంటర్నెట్‌కు తెరవలేదన్న మాట కూడా చేర్చాలి. ఆ పుట చేతికి వచ్చేవరకు చివరి వాయిదా చెల్లించకుండా ఆపే షరతును టెండరులోనే రాసుకుంటే వ్యాపారులు తప్పక రాసిస్తారు.

ఇట్లు,
ఒక కంప్యూటర్ నిర్వాహకుడు,
విజయనగరం