ఆ 24 పిల్లర్లు మాకు ఇప్పించండి

తెలంగాణ సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి చిక్కడపల్లి వైపు వెళ్లే దారిలో వరసగా 24 మెట్రో పిల్లర్లు, ఒక మూడు నెలలు, ఫోటోలు పెట్టుకోడానికి ఇప్పించమని అడుగుతున్నాం. తెర మీద ఒక్క సెకను బొమ్మ కదలాలంటే 24 ఫ్రేములు కావాలి కదా, ఆ లెక్క. బస్సు కిటికీలోంచి చూసేవాళ్లకు ఒకదాని వెనక ఒకటి కదిలిపోతాయి. సాయంత్రం ట్రాఫిక్‌లో అయితే స్లో మోషనే అనుకోండి.

హీరోల ఫోటోలు పెట్టం. వాళ్లకు కటౌట్లు ఉన్నాయి. మేం తీయాలనుకున్నది పన్నెండు మందిని, ఒక్కొక్కరివి రెండేసి ఫోటోలు. తెల్లారకముందే కృష్ణానగర్‌లో కంపెనీ బండి కోసం నిలబడే జూనియర్ ఆర్టిస్టు ఒక పిల్లరు మీద పట్టుచీరలో మహారాణి పక్కన చెలికత్తె. తర్వాతి పిల్లరు మీద అదే మనిషి, అదే నిలబడే తీరు, రేషన్ షాపు లైన్లో. రీళ్లు పోయి డిజిటల్ వచ్చాక వేరే పని వెతుక్కున్న ప్రొజెక్టర్ ఆపరేటర్. ఫ్లెక్సీల దెబ్బకు కుంచె పక్కన పెట్టి ఇళ్లకు సున్నాలు వేస్తున్న బ్యానర్ ఆర్టిస్టు. బెనిఫిట్ షోలో చొక్కా విప్పి గాల్లో తిప్పిన కుర్రాడు, మర్నాడు డెలివరీ బండి మీద, సిగ్నల్ దగ్గర.

మాదాపూర్ ఆర్ట్ గ్యాలరీలో పెట్టుకోవచ్చుగా అంటారేమో. అక్కడ 2015 నుంచి ఫోటో ఫెస్టివల్ జరుగుతోంది, మంచిదే. కానీ వచ్చేవాళ్లలో మెడలో కెమెరా ఉన్నవాళ్లే ఎక్కువ. థియేటర్ లాబీలో గాజు అద్దాల వెనక స్టిల్స్ చూసి, కథ సగం ఊహించేసుకుని లోపలికి వెళ్లిన జనం క్రాస్‌రోడ్స్‌లో ఉన్నారు. ఫోటో ముందు ఎలా నిలబడాలో వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

థియేటర్ గేట్ల దగ్గర మాత్రం అడగడం లేదు. 2024 డిసెంబరులో ఇక్కడి సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. అక్కడ మళ్లీ గుంపు చేరే పని ఏదీ పెట్టకూడదు. పిల్లర్లయితే రోడ్డు మధ్యలో ఉంటాయి, ఫుట్‌పాత్ మీద నుంచే కనపడతాయి.

ఇక పర్మిషన్. ఒక ఆఫీసుకు వెళ్తే ఇంకో ఆఫీసుకు పంపారు. అక్కడ "ఏ యాడ్ ఏజెన్సీ మీది?" అని అడిగి రేటు కార్డు చేతిలో పెట్టారు. మేం అమ్మేది ఏమీ లేదంటే నమ్మలేదు. షూటింగ్ పర్మిషన్ల టెన్షన్ మీ శాఖకు తెలియంది కాదు. మెట్రో, జీహెచ్ఎంసీ, ట్రాఫిక్ పోలీసులను ఒక్కసారి ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి చాలు.

బట్ట మీద ప్రింట్లు, బెల్టులతో కట్టడమే. మేకు కొట్టం, జిగురు పూయం. ప్రింటింగ్ ఖర్చు మేం చూసుకుంటాం. ఫోటోల్లో ఉన్న పన్నెండు మందికి తలా ఒక కాల్షీట్ డబ్బులు మాత్రం ప్రభుత్వం ఇవ్వాలి.

ప్రారంభానికి మీరు రావాలి సార్. రిబ్బన్ ఆ జూనియర్ ఆర్టిస్టు చేత కట్ చేయిద్దాం. ఏమీ అనుకోకపోతే ఇంకొక్క మాట: 25వ పిల్లరుకు మీకు స్వాగతం చెప్పే ఫ్లెక్సీ కట్టొద్దని మీ వాళ్లకు ముందే చెప్పండి.

ఇట్లు,
చిక్కడపల్లి నుంచి ఒక ఫోటోగ్రాఫర్