నడుం గురించి అందరూ రాస్తారు, రెక్కల మధ్య నొప్పి సంగతేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో ఆరోగ్యం పేజీ వదలకుండా చదువుతానండీ. డ్రైవింగ్ వల్ల వచ్చే నొప్పుల మాట ఎత్తినప్పుడల్లా నడుం దగ్గరే ఆగిపోతున్నారు, వెనక దిండు పెట్టుకోండి, డిస్క్ జాగ్రత్త అని. మంచిదే, కాదనను. కానీ మెడ కింద, వీపు మీద రెండు రెక్క ఎముకల మధ్య వచ్చే నొప్పి గురించి ఎవరూ రాయరేంటి? బండెక్కిన కాసేపటికి చిన్నగా సలుపు మొదలవుతుంది, గంట దాటేసరికి ఎవరో బొటనవేలు పెట్టి అక్కడే నొక్కి పట్టుకున్నట్టు ఉంటుంది, దిగి నాలుగడుగులు వేస్తే తగ్గిపోతుంది. తగ్గిపోతోంది కదా అని బామ్ రాసుకుని ఊరుకుంటారు. దిగితే తగ్గుతోందంటే చాలాసార్లు తేడా కూర్చునే తీరులోనే ఉంటుంది, ముందు అది చూసుకోవాలి కదా.

రోడ్డు మీద పక్క కార్లో కూర్చున్నవాళ్లని ఒకసారి చూడండి. సీటు వెనక్కి జరిపేసి, బ్యాక్‌రెస్ట్ పడక్కుర్చీలా వాల్చేసి కూర్చుంటారు, అదే హాయి అనుకుంటారు, తీరా స్టీరింగ్ అందాలంటే చేతులు బార్లా చాపాలి, చేతులు చాపితే భుజాలు సీటు వదిలి ముందుకొస్తాయి, వాటితోపాటు తలా ముందుకొస్తుంది. తల బరువు సుమారు 4.5 నుంచి 5 కిలోలు. అది వెన్ను మీద నిటారుగా ఉన్నంతసేపు పెద్ద ఇబ్బంది లేదు, ముందుకు వాలిందంటే ఆ బరువంతా మెడ వెనక కండరాలు, తల వెనక నుంచి వీపు మధ్యదాకా ఉండే ట్రెపీజియస్ కండరం, రెక్క ఎముకల్ని వెన్నువైపు లాగి పట్టుకునే రాంబాయిడ్ కండరాలు ఇవే మొయ్యాలి. కదలకుండా గంటలకొద్దీ బిగబట్టి ఉంటే ఏ కండరమైనా అలిసి నొప్పెడుతుంది. దానికి తోడు ట్రాఫిక్‌లో టెన్షన్ పడి భుజాలు చెవులదాకా ఎత్తేసుకోవడం, మనకి తెలీను కూడా తెలీదు. ఒంటి చేత్తో స్టీరింగ్ పైన పట్టుకుని నడిపేవాళ్లకైతే ఒక పక్కే ఎక్కువ లాగుతుంది.

సరిచేసుకోడానికి పైసా ఖర్చు లేదు. నడుం సీటుకి పూర్తిగా ఆనేలా వెనక్కి కూర్చోవాలి. బ్రేక్ పూర్తిగా తొక్కినా (క్లచ్ ఉంటే అదీ) మోకాలు కొంచెం వంగే ఉండేంత దగ్గరికి సీటు జరుపుకోవాలి. బ్యాక్‌రెస్ట్ 100 నుంచి 110 డిగ్రీలు చాలు, అంటే దాదాపు నిటారుగానే. ఇక అసలు పరీక్ష ఇది: భుజాలు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచు మీద పడాలి, వేళ్లు మాత్రమే అందుతున్నాయంటే దూరంగా కూర్చున్నట్టే. అలాగని మరీ మీదికి ఎక్కి కూర్చోకూడదు, ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కాబట్టి ఛాతీకీ స్టీరింగ్ మధ్య భాగానికీ కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. చేతులు గడియారంలో 9, 3 దగ్గర పెడితే మోచేతులు వంగి భుజాలు కిందికి దిగుతాయి. చాలా కార్లలో స్టీరింగ్ కింద ఎత్తు మార్చుకునే లివర్ ఉంటుంది, కొన్నేళ్లుగా కారు నడుపుతూ దాన్ని ఒక్కసారీ ముట్టుకోనివాళ్లు నాకు తెలిసే చాలామంది ఉన్నారు!

నాకు బాగా పనికొచ్చింది అద్దం. నిటారుగా కూర్చుని లోపలి అద్దంలో వెనక గ్లాసు మొత్తం కనిపించేలా పెట్టుకున్నాక, ఓ గంటకి సగమే కనిపిస్తోందంటే మనం కిందికి జారిపోయామన్నమాట. అద్దం తిప్పకుండా మనమే సర్దుకుని కూర్చోవాలి. ఎంత బాగా కూర్చున్నా రెండు గంటలకోసారైనా ఆపి దిగాల్సిందే, అందులో మినహాయింపు లేదు.

ఇంకోటి, ఇది మీరు పెద్దక్షరాల్లో వెయ్యాలి. రెక్కల మధ్య నొప్పులన్నీ సీటు వల్లే రావు. నొప్పితోపాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం, చెయ్యి లేదా దవడ లాగడం ఉంటే అది గుండెపోటు కావచ్చు, బండి పక్కకి ఆపి వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యాలి, సొంతంగా నడుపుకుంటూ ఆస్పత్రికి వెళ్లకూడదు. చెయ్యి తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, బండి దిగినా తగ్గకపోయినా, జ్వరం ఉన్నా డాక్టర్‌కి చూపించుకోవాలి.

నా బాధల్లా ఏంటంటే డ్రైవింగ్ నేర్పేచోట క్లచ్చు, గేరు, రివర్సు చెప్తారు, సీటు దగ్గరికొచ్చేసరికి "కాలు అందుతోందా?" అని అడిగి వదిలేస్తారు. కొత్త కారు చేతికిచ్చేటప్పుడు బ్లూటూత్ గురించి ఓపిగ్గా చెప్పేవాళ్లు స్టీరింగ్ లివర్ ఎక్కడుందో చూపించరు. కాబట్టి ఒక ఫిజియోథెరపిస్టుని కూర్చోబెట్టి, సరిగ్గా కూర్చున్న ఫోటో, తప్పుగా కూర్చున్న ఫోటో పక్కపక్కన పెట్టి ఓ అరపేజీ వెయ్యండి. అందులో ఎత్తు తక్కువ ఉన్నవాళ్ల గురించి తప్పకుండా రాయించండి, పెడల్స్ అందాలని ముందుకు జరిగితే ఎయిర్‌బ్యాగ్‌కి మరీ దగ్గరైపోతున్నారు, వెనక్కి జరిగితే మళ్లీ చేతులు చాపాల్సొస్తోంది, సీటు ఎత్తు పెంచుకునే వీలు లేని కార్లలో వాళ్లేం చెయ్యాలో ఎవరూ చెప్పట్లేదు.

ఇట్లు,
మీ పాఠకుడు